ముక్కల బొమ్మల బావ

కిందటి నెల ఒక పొద్దున్న నేను పోర్టుకి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ లెగటం నేదురా" అంది. ఏడవలేదు. అదే మాట, అదే గొంతుతో ఇంకోసారి అంది. నేను బస్సు సంగతి మర్చిపోయి, పక్క వీధిలో ఉన్న వాళ్ళ ఫ్లాటుకి పరిగెత్తాను.

బావ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన పోయాడని నేను వెంటనే నమ్మలేదు. బాధలో ఎవరైనా అనే మాటే కదా అనుకోకండి. మా బావ ఇంతకుముందు చాలాసార్లు మమ్మల్ని ఇలా మోసం చేశాడు. ఇంటికి రంగులేసేవాళ్ళొస్తే హాల్లో కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి నిద్ర నటించేవాడు. వాళ్ళు ఏం ముట్టుకుంటారో, తన గురించి ఏం మాట్లాడుకుంటారో వినడానికి. ఒకసారి నా పెళ్ళి మాటలప్పుడు అమ్మాయి తరఫు వాళ్ళ ముందు కూడా అలాగే గుర్రు పెట్టాడు. అందుకే ఆ పొద్దున్న ఆయన కనురెప్పల వంక చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను. పై ఫ్లాటు డాక్టరమ్మ వచ్చి, చెయ్యి పట్టుకు చూసి తల అడ్డంగా ఊపింది. "సరిగ్గా చూశారా అమ్మా?" అని అడిగాను. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో తిరిగినందుకు ఆయన మాట నా నోట్లోకి అలా వచ్చేసింది.

ఆయన మా అక్క భర్త. స్టీల్ ప్లాంటులో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. మిల్లులోంచి వచ్చే కడ్డీల్లో పగుళ్ళున్నాయేమో వెతకడం ఆయన ఉద్యోగం. అనుమానించడానికే ఆయన్ని అక్కడ పెట్టారు. సాయంత్రం డ్యూటీ దిగాక ఆ అనుమానాన్ని గేటు దగ్గర వదిలి రావడం ఆయనకి చేతకాలేదు. పాల ప్యాకెట్టు వాసన చూసేవాడు. గ్యాస్ బండ సీలు వేలితో తడిమేవాడు. పెళ్ళిళ్ళకి వెళితే ఒక చెప్పు ఈ గుమ్మం దగ్గర, ఇంకో చెప్పు ఆ గుమ్మం దగ్గర విడిచేవాడు. మా వైపు మేడ మీద ఆరేసిన బట్టల మీద ప్లాంటు నుంచో పోర్టు నుంచో నల్లటి పొడి వచ్చి పడుతుంది కదా, దాన్ని కాయితం మీదికి దులిపి అయస్కాంతం పెట్టి చూసేవాడు. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే బొగ్గు. "తెలిసి ఏటి సేత్తారు? ఉతకడం నాకు తప్పుతాదా?" అని అక్క అడిగితే, "తెలాలి గదా" అనేవాడు.

ఆ అనుమానం వల్ల నేను బాగుపడ్డాను, అది కూడా చెప్పాలి. మా ఊళ్ళో పొలం పని వదిలి, చదువుకోడానికి అక్క వాళ్ళ క్వార్టర్స్‌కి వచ్చినవాణ్ణి నేను. చదువయ్యాక ఓడల్లో ఉద్యోగమిస్తామని ఒక ఏజెంటు ఆశపెట్టాడు. నేను పెట్టె సర్దుకున్నాను. బావ ఏమీ మాట్లాడకుండా ఒక మధ్యాహ్నం ఆ ఏజెంటు చెప్పిన ఆఫీసు అడ్రసు వెతుక్కుంటూ వెళ్ళొచ్చాడు. "అక్కడ షట్టరేసి ఉంది. షట్టరు మీద తుప్పు సూత్తే అది తీసి చాన్నాళ్ళయినట్టుంది" అని మాత్రం చెప్పి, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు. పెట్టె విప్పెయ్యమని అనలేదు. నేనే విప్పుకున్నాను. తర్వాత ఇక్కడే పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో గుమస్తాగా కుదిరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. "మంచి కడ్డీనైనా రెండుసార్లు సూడాలి. అది మంచిదని మనకి తెలడానికి" అనేవాడు. నన్ను కూడా అలాగే రెండుసార్లు చూసి ఉంటాడు.

రిటైరయ్యాక అసలు చిక్కు మొదలైంది. రోజంతా ఇంట్లోనే. అనుమానించడానికి కడ్డీలు లేవు, మేమున్నాం. లిఫ్టు ఎవరు ఎన్నిసార్లు వాడుతున్నారు, నీళ్ళ ట్యాంకు మూత ఎవరు తీశారు, పాలవాడు ఎండలో బండి ఎందుకాపాడు. అపార్ట్‌మెంటు వాళ్ళు ఆయన్ని చూసి మెట్ల మీంచి దిగడం మొదలుపెట్టారు. అక్క ఒకరోజు నాతో అంది. "ఒరే, ఈయన సేతికి ఏదో ఒక పని సూడరా. నేదంటే ఈ బిల్డింగోళ్ళు మమ్మల్ని ఎలగొట్టేత్తారు."

మా ఆఫీసు పక్క దుకాణంలో ఆటవస్తువులు అమ్ముతారు. ముక్కలు ముక్కలుగా కత్తిరించిన బొమ్మల పెట్టె ఒకటి కనిపించింది. జిగ్‌సా పజిల్ అంటారు. చిన్నపిల్లలకి పెద్ద ముక్కలవి ఉంటాయి, ఇది పెద్దవాళ్ళది, చిటికెన వేలి గోరంత ముక్కలు. మూత మీద సముద్రం ఒడ్డున ఒక లైట్‌హౌస్. తెచ్చి బావ చేతికిచ్చాను.

ఆయన దాన్ని ఊపి చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఎందుకిచ్చావు?"

"ఊరికే బావా. టైంపాస్‌కి."

"ఊరికే ఎవులూ ఏటీ ఇవ్వరు. నాకు మతి పోతందని ఎవులైనా సెప్పారా?"

"అబ్బే, అదేం లేదు."

"ఇది టెస్టు గదా? నాను పేర్చగలిగితే బాగున్నట్టు, పేర్చలేకపోతే డాక్టరు కాడికి తీసుకెల్తారు. అంతేనా?"

వంటింట్లోంచి అక్క, "వద్దంటే ఇచ్చెయ్యండి, పక్కింటోళ్ళ మనవరాలికిచ్చేత్తాను" అంది. ఆయన ఇవ్వలేదు. మూత మీది బొమ్మని వేలితో చూపించి, "ఈ పైనున్న బొమ్మే లోపలుందని ఏటి గేరంటీ?" అన్నాడు. పెట్టె తీసుకెళ్ళి బీరువా మీద పడేశాడు. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాం.

రెండు వారాల తర్వాత అక్క మళ్ళీ పిలిచింది. ఈసారి ఆమె గొంతులో అనుమానం ఉంది. భోజనమయ్యాక బావ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నాడట. పడుకుంటున్నానంటాడట. "మరి పడుకుంటే మంచిదే కదా" అన్నాను. "గురక వినిపించట్నేదురా. ఆయన గురక లేకుండా పడుకోవడం నాను సూడనేదు. తలుపేసుకుని ఏటి సేత్తన్నాడో?" అంది. ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడుతున్నాడేమోనని ఆమె భయం. ఆ ముఖానికి ఎవరు మాట్లాడతారని నేను నవ్వాను గానీ, నాకూ మనసులో ఏదో గుచ్చుకుంది. బాల్కనీ వైపు ఆ గదికి కిటికీ ఉంది. ఇద్దరం చెప్పులు విప్పి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తొంగి చూశాం.

బావ నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ స్టీలు కంచాలు. ఒక కంచంలో నీలం ముక్కలు, ఒకదాంట్లో తెల్లవి, ఒకదాంట్లో అంచు ముక్కలు. మిల్లు నుంచి తెచ్చుకున్న భూతద్దంతో ఒక ముక్క అంచుని చూస్తున్నాడు. దాన్ని ఇంకో ముక్క పక్కన పెట్టాడు. కుదరలేదు. తిప్పాడు. కుదరలేదు. మూడోసారి తిప్పితే కూర్చుంది. ఆయన ముఖం మీద కనిపించింది నవ్వో కాదో నేను చెప్పలేను. అక్క మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో మా నీడ పడిందేమో, చటుక్కున న్యూస్ పేపరు లాగి వాటి మీద కప్పేసి, "ఎవులది?" అని అరిచాడు.

ఆ రోజు నుంచి తలుపు తెరిచే ఉంది. పెద్దవాడు పిల్లల ఆట ఆడుతున్నాడని సిగ్గు, ఎలాగూ చూసేశారు కదాని పోయింది. పెట్టె విప్పగానే ముందు ముక్కలన్నీ లెక్కపెట్టేవాడు, కంపెనీ వాడు ఒకటి తగ్గించి ఉంటాడని. ప్రతి ముక్కా కుదిరినట్టే కుదిరి మోసం చేస్తుందని ఆయన నమ్మకం. వేలితో నొక్కి, ఎత్తి, మళ్ళీ నొక్కేవాడు. "కుదిరినట్టు కనిపించీదాన్నే ఎక్కువ సూడాలి" అని నాకు చెప్పేవాడు. ఇంకోమాట కూడా అన్నాడు ఒకసారి, అది నాకు చాలా నచ్చింది. "ఇక్కడ ఎంత అనుమానపడినా ఎవులికీ బాధ నేదురా."

ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు.

బావకి ఒకే ఒక్క స్నేహితుడు. అదే మిల్లులో క్రేను నడిపి రిటైరైనాయన. మల్కాపురంలో ఉంటాడు కాబట్టి మేం మల్కాపురం ఆయన అంటాం. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటారు, చుట్టరికం ఏమీ లేదు. అక్క ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఆయన ఆమెని చెల్లీ అంటాడు. మనిషి లావుగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూ ఉంటాడు. ఆయన సాయంత్రాలు బస్సెక్కి వచ్చి బావ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. బావ అంచులు కట్టేవాడు, ఆయన ఆకాశాలు కట్టేవాడు. ఒకటే రంగు ముక్కలు వందలు వందలుంటే మామూలు మనిషికి విసుగొస్తుంది. ఆయనకి రాదు. "పైన కేబిన్‌లో కూకుని ఇన్నాళ్ళు నాను సూసింది ఆకాశమే గదా చెల్లీ" అనేవాడు.

అలా లైట్‌హౌస్ అయింది, ఏనుగులు అయ్యాయి, ఏదో దేశం బజారు అయింది. తర్వాత ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టారు. మంచులో ఒక చెక్క ఇల్లు, దాని ముందు గుర్రపు బండి. మంచు ఇంత తెల్లగా ఉండదని బావ మొదటిరోజు నుంచీ అనుమానిస్తూనే ఉన్నాడు. వేసవి అంతా, ఫ్యాను గాలికి ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ ఇద్దరూ ఆ మంచు పేర్చారు. కింద ప్లైవుడ్ పలక పెట్టుకున్నారు. చివరి వారంలో మల్కాపురం ఆయన, "ఆఖరి ముక్క నానే పెడతాను బావా, నా సేత్తో పెట్టనియ్యి" అని రోజూ అడిగేవాడు. "సూద్దాం" అనేవాడు బావ.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అక్క టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కంచాలన్నీ ఖాళీ అయ్యాయి. బొమ్మ అంతా నిండింది, గుర్రం తలలో ఒక్క చోటు తప్ప. సరిగ్గా కన్ను ఉండాల్సిన చోట ప్లైవుడ్ కనిపిస్తోంది. ముక్క లేదు.

బావ పెట్టె బోర్లించాడు. చాప దులిపాడు. మంచం కింద దూరాడు. నేనూ వెతికాను. మల్కాపురం ఆయన నవ్వుతూ, "గుర్రం కన్ను మూసుకున్నాదేమో బావా" అన్నాడు. బావ లేచి నిలబడ్డాడు. నవ్వలేదు.

"నీ జేబు సూడు బావా" అన్నాడు.

"ఏటి?"

"ఆఖరి ముక్క పెడతాను, పెడతాను అని వారం నుంచి అంతన్నావు గదా. జేబు సూడు."

మల్కాపురం ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. వేళాకోళమేనని అనుకుంటున్నాడు. బావ ముఖం చూశాక అర్థమైంది. ఆయన మెల్లిగా లేచి, చొక్కా జేబులోంచి బస్ పాసు తీసి ఆ మంచు మీద పెట్టాడు. మాత్రల అట్ట పెట్టాడు. చేతిరుమాలు దులిపి పెట్టాడు. జేబు బయటికి లాగి చూపించాడు. తర్వాత అన్నాడు.

"నా క్రేను నీ నెత్తి మీంచి ఎన్నిసార్లు తిరిగింది బావా? ఎర్రగా కాలిన ఇనుము పట్టుకుని. కింద నువ్వు వంచిన తల ఎత్తకుండా పని సేసుకునేవోడివి. అప్పుడు రాని అనుమానం ఇప్పుడొచ్చిందేటి?"

ఆయన బస్ పాసు, రుమాలు తీసుకుని, "ఎల్లొత్తాను చెల్లీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. మాత్రలు మర్చిపోయాడు. నేను వాటిని పట్టుకుని బస్టాపు దాకా పరిగెత్తాను. తీసుకుని, "మీ బావని ఏటీ అనకు. ఆడు అంతే" అన్నాడు. కానీ మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆ వారాల్లో ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పడం కష్టం. బావ ఆ బొమ్మని విప్పనివ్వలేదు. గది మధ్యలో అలాగే ఉంచాడు. సాయంత్రం ఆ వేళకి దాని ముందు కూర్చుని గుర్రం తల వంక చూసేవాడు. ఇల్లంతా వెతికాడు. సోఫా కుట్లు విప్పాడు. ఫ్రిజ్ జరిపాడు. చీపురు పుల్లలు కూడా విడదీసి చూశాడు. వెతికిన కొద్దీ ఆయనకి ముక్క లేదని రుజువవుతోంది, అంటే స్నేహితుడే తీశాడని రుజువవుతోంది. అది ఆయన నమ్మదల్చుకోలేదు, నమ్మకుండానూ ఉండలేకపోతున్నాడు. అన్నం సరిగ్గా తినేవాడు కాదు. "ఆడు తియ్యడు" అనేవాడు నాతో. మళ్ళీ తనే, "మరి ఎక్కడికెల్లిపోనాది?" అనేవాడు.

నా అనుమానం మాత్రం వేరే వైపు తిరిగింది. మా అక్క ఒక పిన్నీసు పోతే ఇల్లు తిరగేసే మనిషి. ఆమె ఈ ముక్క కోసం ఒక్క గుడ్డ ఎత్తి చూడలేదు. మేం వెతుకుతుంటే వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు బావ పింఛను పని మీద బయటికెళ్ళినప్పుడు వెళ్ళాను. వంకాయలు తరుగుతోంది.

"అక్కా, నువ్వెందుకు వెతకట్లేదు?"

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. తర్వాత లేచి వెళ్ళి, కుట్టుమిషను సొరుగు లాగి, బొత్తాల డబ్బా తెచ్చింది. బొత్తాల మధ్య గుర్రం కన్ను ఉంది.

"ఆ మజ్జాన్నం ఆయన స్నానానికెల్లినప్పుడు తీసాను" అంది. "ఒక బొమ్మ అయిపోయాక ఇంకోటి వచ్చీదాకా ఈయన ఎలగుంటాడో నీకు తెల్దా? పాలోడి మీద పడతాడు, వాచ్‌మేన్ మీద పడతాడు. రెండు రోజులు ఆగి ఇచ్చేద్దారనుకున్నాను. ఈలోగా నువ్వు కొత్త పెట్టె తెత్తావని. ఆ అన్నయ్య మీద పడిపోతాడని నాననుకోనేదురా."

"మరి వెంటనే చెప్పెయ్యాల్సింది."

"ఎలగ సెప్పను? ఈ ఇంట్లో పాల ప్యాకెట్టుని అనుమానించాడు, నిన్ననుమానించాడు, కన్నతల్లినే అనుమానించాడు. పెళ్ళయిన కాడ్నించి నన్ను ఒక్కసారి అడగనేదు. ఎక్కడికెల్లావు అని నేదు, ఎందుకు సేసావు అని నేదు. ఇప్పుడు ఇది సెప్తే అది పోద్ది గదా."

ఎక్కడో దొరికినట్టు పెట్టేద్దామని నేనన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే కుదరదని నాకే తెలిసింది. ఆయన వెతకని చోటు ఆ ఇంట్లో లేదు. వెతికిన చోట మళ్ళీ దొరికితే నమ్మడు. భార్య కుట్టుమిషను సొరుగు ఒక్కటే ఆయన తెరవలేదు. అక్కడ దొరికిందని చెప్తే నిజం చెప్పినట్టే.

మర్నాడు ఆదివారం, నన్ను రమ్మంది. బావ ఆ బొమ్మ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. అక్క వెళ్ళి గ్లాసు పక్కన ఆ ముక్క పెట్టింది.

"నానే తీసాను" అంది.

బావ గ్లాసు కింద పెట్టాడు. ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకి పెట్టి, ముందూ వెనకా చూశాడు, మిల్లులో కడ్డీ ముక్కని చూసినట్టు. అక్క నాకు చెప్పినదంతా ఆయనకి చెప్పింది. పాలవాడి సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. చివరికి ఆమె వంక చూశాడు. ఆ ముఖంలో కోపం కోసం నేను వెతికాను. కనిపించలేదు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా ఉన్నాడు.

"నీ మీద నాకు అనుమానం రానేదు" అన్నాడు. "ఇల్లంతా వెతికాను గాని."

అక్క అప్పుడు ఏడ్చింది. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. ముక్కని జేబులో పెట్టుకుని, పాత దుప్పటి ఒకటి బొమ్మ మీద కప్పి, "బామ్మర్దీ, ఆ పక్క పట్టు" అన్నాడు.

ఆటో వద్దన్నాడు, కుదుపులకి ముక్కలు ఊడిపోతాయట. మల్కాపురం వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కాం. ఆదివారమైనా జనం ఉన్నారు. ఇద్దరం ఆ పలకని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. "ఏటది, అద్దమా?" అని కండక్టరు అడిగాడు. మామూలుగా అయితే మా బావ, నీకెందుకు అనేవాడు. ఆ రోజు దుప్పటి తీసి చూపించాడు. చుట్టుపక్కల వాళ్ళు వంగి చూశారు. చేపల తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక పెద్దావిడ, "గుర్రానికి కన్ను నేదేటి బాబూ?" అంది. "ఉన్నాది తల్లీ. జేబులో ఉన్నాది" అన్నాడు. దిగేదాకా ఒక చెయ్యి జేబు మీదే పెట్టుకున్నాడు. మలుపుల్లో జనం వాళ్ళంతట వాళ్ళే మా వైపు వాలకుండా కడ్డీలు పట్టుకున్నారు.

మల్కాపురం ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"ఇదేటి, మళ్ళీ తనిఖీయా?" అన్నాడు.

"కాదు బావా. తప్పు నాదే. నా పాత చొక్కా మడతలో ఉండిపోనాది. సూసుకోనేదు."

నేను నేల చూశాను. కళ్ళతో చూడనిదానికి సంతకం పెట్టని మనిషి, తడుముకోకుండా అబద్ధం చెప్పాడు. అక్క పేరు రానివ్వలేదు.

మల్కాపురం ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు అనుమానపడటం ఆయన వంతు. ముక్క తీసుకుని తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నీ చొక్కాకి కుట్టుమిషను నూనె వాసనేటి బావా?"

బావ పలక మీది దుప్పటి సర్దాడు. ఆ వీధిలో ఎవరో పంపు కొడుతున్నారు. మల్కాపురం ఆయన ఇంకాసేపు ఆ ముక్కని పట్టుకుని నిలబడి, "చెల్లి బాగున్నాదా?" అని అడిగాడు.

"బాగున్నాది."

"ఏడవొద్దని సెప్పు. రేపు వొత్తానని సెప్పు."

అప్పుడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు. పలకని ఆయన మంచం మీద పెట్టాం. ఆఖరి ముక్క ఆయనే పెట్టాడు. బావ వేలితో నొక్కి చూడబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత మా బావ మారిపోయాడని రాస్తే మీరు నమ్మకండి. పాల ప్యాకెట్టు వాసన చూడడం మానలేదు. పోయే ముందు వారం కూడా వాచ్‌మేన్‌ని నీళ్ళ ట్యాంకు గురించి నిలదీశాడు. ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళే రోజున ఆ వాచ్‌మేనే అందరికంటే ముందొచ్చి, లిఫ్టులో పట్టదని మెట్ల మీంచి ఒక భుజం పట్టాడు. పాలవాడు గేటు దగ్గర బండి ఆపి దిగి నిలబడ్డాడు. మల్కాపురం ఆయన అక్క కూర్చున్న చాప చివర, ఆమె వైపు వీపు పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి అడ్డంగా సాయంత్రం దాకా కూర్చున్నాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒకరోజు నేనూ అక్కా ఆ గదిలో కూర్చున్నాం. బావ చివరగా మొదలుపెట్టిన బొమ్మ పలక మీద సగం పైగా అయి ఉంది. ఏదో నది, దాని మీద పడవలు. ఆకాశం వైపు మల్కాపురం ఆయన చెయ్యి పడాల్సిన నీలమంతా ఇంకా కంచాల్లోనే ఉంది. అప్పుడు అక్క నాకో సంగతి చెప్పింది. అంతకుముందు నాకు తెలియదు.

మల్కాపురం నుంచి తిరిగొచ్చాక, కొత్త పెట్టె విప్పిన ప్రతిసారీ బావ ఆమెని వంటింట్లోంచి పిలిచేవాడట. లెక్కపెట్టడం అయ్యాక, ముక్కలన్నీ పెట్టెలో కలిపేసి, తల కిటికీ వైపు తిప్పుకుని, చూడకుండా చెయ్యి లోపల పెట్టి ఒకటి తీసేవాడట. అది ఏ రంగో, ఎక్కడిదో తనకి తెలియకూడదు. అలా పక్కకి తిరిగే ఆమె చెయ్యి వెతుక్కుని, అరచేతిలో దాన్ని పెట్టి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తన చేత్తోనే మడిచేవాడట.

"ఇది నీకాడ ఉంచు" అనేవాడట. "ఎప్పుడియ్యాలో నాను అడగను."